ఖాళీ బస్సు టైంటేబుల్

కోట దగ్గర బాత్రూమ్ ఉంటుందా అని నానమ్మ అడగడం అది నాలుగోసారి.

ఆదివారం, పదకొండు గంటలైంది. గడియారం టేబుల్ నిండా చార్టు పరుచుకుని పెన్సిల్‌తో గీతలు గీస్తోంది. గడియారం అంటే గోడకు వేలాడేది కాదు, పదకొండేళ్ల పిల్ల. ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యమయ్యారో ఎప్పటికప్పుడు లెక్క చెప్పేస్తుంది కాబట్టి ఇంట్లోవాళ్లు ఆ పేరు ఖాయం చేశారు.

వచ్చే శనివారం వాళ్లంతా సముద్రం ఒడ్డున ఉన్న ఒక పాత నగరానికి వెళ్తున్నారు. అక్కడికి ఇంతవరకు ఎవరూ వెళ్లలేదు. నానమ్మయితే అసలు సముద్రమే చూడలేదు. పోస్టాఫీసులో పనిచేసే అమ్మకు దొరికిన సెలవు రెండు రోజులే. పైగా చలికాలం, పొద్దు చిన్నది. అక్కడ కోటైనా, గడియార స్తంభమైనా ఐదింటికే మూసేస్తారు.

నాన్న సిటీ బస్సు డ్రైవరు. తను ఏడాదంతా ఎవరో వేసిన టైంటేబుల్ ప్రకారమే తిరుగుతాననీ, ఈ ఒక్కసారి కూతురు వేసిన దాని ప్రకారం తిరుగుతాననీ చెప్పి ప్లాన్ మొత్తం ఆ పిల్లకు అప్పగించాడు.

అప్పగించడమే తడవు, గడియారం చెలరేగిపోయింది. రెండు రోజుల్లో పద్నాలుగు చోట్లు. లైట్‌హౌస్ ఇరవై నిమిషాలు. ఓడల మ్యూజియం పదిహేను. భోజనం పద్దెనిమిది. సముద్రం పన్నెండు. తనకు అన్నిటికంటే ఇష్టమైన గడియార స్తంభానికి మాత్రం నలభై. దాని లోపలి పళ్లచక్రాలు తిరుగుతుంటే దగ్గర నుంచి చూడొచ్చట.

ఇంత కష్టపడుతుంటే ఇంట్లోవాళ్లు మెచ్చుకోవద్దా? ఒకటే ప్రశ్నలు. ఓడ ఎక్కొచ్చా, ఎక్కితే నడపొచ్చా అని తమ్ముడు బుజ్జిగాడు చెవిలో జోరీగలా రొద. ఎండెక్కితే ఇన్ని స్వెటర్లూ ఎవరు మోస్తారని అమ్మ. బాత్రూమ్ సంగతేమిటని నానమ్మ. గడియారానికి తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇంకెవరూ ఏమీ అడక్కండి. అన్నీ కొలిచే వేశాను" అంది విసుగ్గా.

అబద్ధమేమీ కాదు. మ్యాపులో దూరాలు చూసి, అంతంత దూరం తమ వీధుల్లో నడిచి, స్టాప్‌వాచ్‌తో కొలుచుకుంది.

నాన్న చార్టు మొత్తం చదివి గడ్డం గోక్కున్నాడు. కొత్త రూటు వేసేముందు తమ డిపోలో ట్రయల్ రన్ తీస్తారని చెప్పాడు. మధ్యాహ్నం మనమూ ఒకటి తీద్దామన్నాడు. లైట్‌హౌస్‌కి నూట అరవై మెట్లు. వాళ్ల బిల్డింగ్‌కి నాలుగంతస్తులు, ఎనభై మెట్లు. రెండుసార్లు ఎక్కితే లైట్‌హౌస్ అయిపోతుంది. మూల మీది ఇనుప సామాను కొట్టు మ్యూజియం. పార్కు చుట్టూ మూడు రౌండ్లు కొడితే కోట గోడ.

సరిగ్గా మూడింటికి గడియారం స్టాప్‌వాచ్ నొక్కింది. బుజ్జిగాడి రెండో బూటు కనిపించలేదు. సోఫా కింద దొరికేసరికి ఆరు నిమిషాలు. కిందికి దిగాక, తాళం సరిగ్గా పడిందో లేదోనని అమ్మ వెనక్కి వెళ్లింది. ఇంకో నాలుగు. రెండో అంతస్తులో రిటైరైన లెక్కల మాస్టారు తలుపు తీసి, ఈ బ్యాగులేమిటి, ఈ మెట్లెక్కడమేమిటి అని అడిగారు. నానమ్మ నిలబడి మొదటి నుంచీ వివరంగా చెప్పింది.

మూడో అంతస్తులో నానమ్మ మెట్టు మీద చతికిలబడి నీళ్ల సీసా మూత తీసింది.

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు. నేను కూర్చునే తాగుతున్నా, ఇంకా మేలు" అంది.

గడియారానికి నవ్వు రాలేదు. లైట్‌హౌస్ టైం ఎప్పుడో అయిపోయింది, సగం కూడా ఎక్కలేదు.

మ్యూజియంలో ఇంకో తంటా. బుజ్జిగాడు వరసగా ప్రతి కుళాయినీ తిప్పి చూస్తుంటే, ఏం కావాలని కొట్టు యజమాని అడిగాడు. నాన్న మొహమాటపడి అక్కర్లేని తాళం ఒకటి కొన్నాడు. పార్కుకి చేరేసరికి నాలుగున్నర. నానమ్మ మొదటి రౌండులోనే వెనకబడిపోయింది.

గడియారం కాలుగాలిన పిల్లిలా ముందుకీ వెనక్కీ తిరిగింది. చివరికి ఉండబట్టలేక అనేసింది.

"నువ్విలా నడిస్తే గడియార స్తంభం మూసేస్తారు నానమ్మా. నీవల్లే అంతా లేటు."

అందరూ ఆగిపోయారు. నానమ్మ ముఖంలో కోపమేమీ లేదు.

"నిజమే తల్లీ. నేను ఇంట్లో ఉంటాలే. మీరు చూసొచ్చి ఎలా ఉందో చెప్పండి" అంది.

ఇంటికి రాగానే పెద్ద బ్యాగులోంచి తన శాలువా, మందపాటి సాక్సులు తీసుకుని బీరువాలో పెట్టేసుకుంది. పది రోజుల కిందటే సర్దుకున్నవి అవి.

గడియారానికి ఏడుపొచ్చింది, ఉక్రోషమూ వచ్చింది. బాల్కనీలో షూస్ దులుపుతున్న నాన్న దగ్గరికి వెళ్లింది.

"నా టైములు తప్పు కాదు నాన్నా. నిజంగా కొలిచాను."

ఎవరితో కలిసి కొలిచావని నాన్న అడిగాడు. తనొక్కతేనని చెప్పింది.

"ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒక రూటు కొలిచానమ్మా. ఇరవై నిమిషాల్లో చివరి స్టాపు చేరి కాలరెగరేశాను. మర్నాడు నలభై పట్టింది. ఎక్కేవాళ్ల మీదా దిగేవాళ్ల మీదా దారిపొడుగునా కసురుకున్నాను. తీరా చూస్తే, నేను కొలిచింది ఖాళీ బస్సుని."

అంతే చెప్పి, నాన్న రెండో షూ తీసుకున్నాడు. ఆ రాత్రి అన్నం తింటున్నంతసేపూ గడియారం ఎవరికీ టైం చెప్పలేదు.

సోమవారం స్కూలు నుంచి రాగానే స్టాప్‌వాచ్, నోటుబుక్ పట్టుకుని నానమ్మ ముందు నిలబడింది.

"పార్కు దాకా వస్తావా నానమ్మా? నీకు నచ్చినట్టే నడువు."

నానమ్మ తనకు నచ్చినట్టే నడిచింది. గేటు దగ్గర ఆగింది. పిల్లికూనను చూడ్డానికి ఆగింది. రెండో బెంచీ దగ్గర, ఇక్కడ కాసేపు అంటూ కూర్చుంది. గడియారం ప్రతిదీ రాసుకుంది. ఆ కాసేపు పదకొండు నిమిషాలయ్యేసరికి ఒళ్లు మండిపోయింది కానీ, పళ్ల బిగువున ఊరుకుంది. ఊరికే కూర్చోలేక ఒక ప్రశ్న అడిగింది. ఇన్నాళ్లలో అది అడగనేలేదు.

"అక్కడ నీకేం చూడాలనుంది?"

"సముద్రమే. అన్ని నీళ్లు ఒక్కచోట ఉంటాయంటే నాకు నమ్మకం కుదరదు. ఒడ్డున కూర్చుని తీరిగ్గా చూడాలని ఉండేది" అంది నానమ్మ.

చార్టులో సముద్రానికి ఇచ్చింది పన్నెండు నిమిషాలు. గడియారం తలొంచుకుని స్టాప్‌వాచ్ జేబులో పెట్టేసుకుంది.

బుధవారం సాయంత్రానికి ఫ్రిజ్ మీద కొత్త చార్టు వెలిసింది. పద్నాలుగు చోట్లు ఆరయ్యాయి. బూట్లు వెతకడానికి పది నిమిషాలు, తాళం చూసుకోడానికి ఐదు. నానమ్మ కళ్లద్దాలు పెట్టుకుని వేలితో ఒక్కో వరసా చదువుతూ వచ్చి, ఒకచోట ఆగింది. శనివారం మూడింటికి సముద్రం. ఎంతసేపు అన్న గడిలో, 'నానమ్మ చాలు అనేదాకా' అని ఉంది.

"నేను చాలు అనకపోతే?" అంది నానమ్మ.

గడియారం కింది వరస వైపు చూసింది. అక్కడ గడియార స్తంభం ఉంది. నలభై నిమిషాలు, పళ్లచక్రాలు, అన్నీ ఉన్నాయి. ఈ నానమ్మకు ఎన్ని ప్రశ్నలో అని మళ్లీ విసుగొచ్చింది. పెద్దగా నిట్టూర్చి, రబ్బరు తీసుకుని ఆ వరసంతా చెరిపేసింది.

"బాత్రూమ్ కూడా ఒడ్డు పక్కనే ఉంది. ఫోన్ చేసి కనుక్కున్నాను" అంది.

నానమ్మ ఇంకేమీ అడగలేదు. శాలువా తెచ్చుకోడానికి బీరువా దగ్గరికి వెళ్లింది.