చెయ్యి నొక్కితే జవాబివ్వాలి

నీళ్లలోకి జంటగా దిగేవాళ్లని మా పనిలో బడ్డీ అంటారు. మా అక్కకి బడ్డీ అంటే కొట్టే తెలుసు. "మీ ఆయనే నా బడ్డీ" అని మొదటిసారి చెప్పినప్పుడు, అందులో ఏం అమ్ముతారే అని అడిగింది.

బావలాంటి బడ్డీ దొరకడం అదృష్టమని అందరూ అంటారు. అదృష్టమే, ఓపికున్నవాళ్లకి. నేనేమో నిప్పు తొక్కిన కోతిని. దిగేముందు ఆయన నా బెల్టు లాగి చూస్తాడు, సిలిండర్ వాల్వు తిప్పి చూస్తాడు, నేను పీల్చి చూసిన గాలిని మళ్లీ తనూ పీల్చి చూస్తాడు. కాస్త ముందుకి ఈదానో లేదో వెనక నుంచి భుజం మీద చెయ్యి పడుతుంది. మంచి బడ్డీ అంటే బాగా ఈదేవాడు కాదమ్మా, నువ్వు కనబడకపోతే నిలవలేనివాడు అంటాడు.

బురదనీళ్లలో సైగలు కనబడవు. అందుకని చేతులు పట్టుకుని దిగుతాం. ఒకసారి నొక్కితే, బాగున్నావా అని. తిరిగి నొక్కితే, బాగున్నాను అని. జవాబు రాకపోతే వెతుక్కుంటూ వెళ్లాలి. బావ నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే.

ఆ రోజు పని చిన్నదే. రాళ్లు తవ్వి వదిలేసిన క్వారీ ఒకటి నీళ్లతో నిండిపోయింది. గట్టు మీది మోటారు పంపు అందులోకి జారింది. మేము దిగి దానికి తాడు కడితే, గట్టు మీదివాళ్లు లాక్కుంటారు. పొద్దున బయల్దేరుతుంటే అక్క గుమ్మంలోకి వచ్చి రోజూ చెప్పేదే చెప్పింది.

"పైకొచ్చేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకుని రా. ఒక్కదానివే రాకు."

ఎప్పటిలాగే నవ్వేశాను.

నీళ్లు పైన ఆకుపచ్చగా ఉన్నాయి. కిందికి పోయేకొద్దీ గోధుమరంగు, ఆ తర్వాత ఏ రంగూ లేదు. మాస్కులో రబ్బరు వాసన. చెవుల్లో నా ఊపిరే, గురగురమంటూ. పంపు చేతికి తగిలింది. ముడి వెయ్యడానికి రెండు చేతులూ కావాలి కాబట్టి బావ చెయ్యి వదిలాను. పక్కనే ఉన్నాడులే అనుకున్నాను. తాడు బిగించేసరికి అడుగునున్న బురదంతా లేచింది. టార్చి నా ముక్కుదాకా కూడా వెలగలేదు.

చెయ్యి చాచాను. ఏమీ లేదు. ఇంకో పక్కకి చాచాను...

చెయ్యి దొరికింది. ప్రాణం లేచొచ్చింది.

ఒకసారి నొక్కింది. నొక్కాను. కాసేపాగి మళ్లీ నొక్కింది. మళ్లీ నొక్కాను. ఈయన చాదస్తం పాడుగాను అనుకున్నాను. ఆ చేతికి గ్లోవ్ లేదు. ముడి సరిచూడ్డానికి తీసేసి ఉంటాడని సరిపెట్టుకున్నాను.

కలిసి పైకి తేలాం. వెలుతురు కనబడేముందు ఆ చెయ్యి వదిలేసింది.

నీళ్లపైన నేనొక్కదాన్నే ఉన్నాను. అక్క మాట గుర్తొచ్చింది. బావా అని అరిచాను. జవాబు క్వారీ అవతలి గట్టు దగ్గర నుంచి వచ్చింది. ఆయన కూడా అప్పుడే తేలాడు. మా ఇద్దరి మధ్యా అంత నీరు ఉంది. ఈదుకుంటూ వచ్చి, చెయ్యి ఎందుకు వదిలావని నన్నే కోప్పడ్డాడు. తను నా చెయ్యి పట్టుకునే పైకొచ్చాడట.

ఆయన రెండు చేతులకీ గ్లోవ్‌లు ఉన్నాయి.

సామాను సర్దుకుని బయల్దేరాం. వ్యాను మెయిన్ రోడ్డెక్కాక, ఒళ్లో పెట్టుకున్న నా కుడిచేతిని ఏదో నొక్కింది. ఒక్కసారే. చెయ్యి చంకలో దాచుకున్నాను. అక్కడా నొక్కింది. బావ వైపు చూశాను. స్టీరింగ్ మీద ఆయన వేళ్లు ఉండుండి బిగుసుకుంటున్నాయి... వదులవుతున్నాయి.

ఇంటికి వచ్చేసరికి అక్క తలుపు తీసి, ఇద్దర్నీ చూసి, హమ్మయ్య అనుకుంటూ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. ముందుగదిలో నేను కుర్చీలో కూలబడ్డాను. బావ ఎదురుగా నిలబడ్డాడు.

"నీకూ వస్తోందా?" గొంతు తగ్గించి అడిగాడు.

తలూపాను.

"జవాబిస్తున్నావా?"

"నేనెందుకిస్తాను? నువ్విస్తున్నావా?"

"వచ్చినప్పుడల్లా."

ఇవ్వకపోతే ఏమవుతుందని అడగబోయి ఆగాను. అది ఆయన నాకు నేర్పిన మొదటి పాఠమే కదా. అయినా మంచి మాట ఒకటుంది, అదే చెప్పాను.

"నాకు ఆగిపోయింది బావా. నన్నొదిలేసింది."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎప్పట్నుంచి?"

"ఇంట్లో అడుగు పెట్టినప్పట్నుంచి..."

వంటింట్లో గిన్నె చప్పుడైంది. అక్క గొంతు వినిపించింది, నవ్వుతూ, విసుక్కుంటూ, నాతో మాట్లాడినట్టే.

"ఏమిటే ఈ చిన్నపిల్ల చేష్టలు? ఊరికే అలా నొక్కుతావేంటి? చెయ్యి వదులు, పాలు పొంగుతున్నాయి."

నేను కుర్చీలోనే ఉన్నాను. బావ నా ఎదురుగానే ఉన్నాడు.

జవాబివ్వు అని అరవాలా, ఇవ్వొద్దని అరవాలా? బావ వైపు చూశాను. నీళ్లలో ప్రతిదానికీ ఒక పద్ధతి చెప్పే మనిషి నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు.

పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. మాడు వాసన ముందుగదిదాకా వచ్చింది. స్టవ్ కట్టేసిన చప్పుడు మాత్రం రాలేదు.