మూపో బొడ్డుచెట్టు

మా యువం నది ఒడ్డున కొత్తగా ప్రకృతి కేంద్రం కట్టారు. నది పుట్టే కొండల నుంచి కిందిదాకా ఏ జంతువు ఎక్కడ కాపురముంటుందో బొమ్మలు పెట్టి బడిపిల్లలకు చూపిస్తారు. నీటికుక్కలకు ఒక గది, చేపలకు ఒకటి, కొమ్ముముక్కు పిట్టలకు ఒకటి. దగ్గరుండి చూపించేవాడు మా తమ్ముడు దితూ.

ఆ వానాకాలం మా చిన్నకూతురు మూపోను జ్వరం పట్టుకుని వదల్లేదు. ఆస్పత్రి మందులు వాడాం. తెడ్డుతో ఇంటి మెట్టు మీద తట్టి, "ప్రూ... రా తల్లీ, ఇంటికి రా" అని, ఒళ్ళు వదిలి తిరుగుతున్న దాని ప్రాణాన్ని పిలిచాం. పిలిచిన ప్రతిసారీ దితూ వచ్చి, ప్రాణం మళ్ళీ జారిపోకుండా మేనకోడలి మణికట్టుకు తెల్లదారం తనే కట్టాడు. నా పక్కన కూర్చుని ఏడ్చాడు కూడా. తెల్లారేసరికి దారం వదులైపోయేది. పిల్ల అంతగా చిక్కిపోతోంది.

ఒక సాయంత్రం, ఈసారి నది ఒడ్డు నుంచి పిలుద్దామని, పిల్ల ప్రాణానికని గుడ్డూ అన్నం ముద్దా అరిటాకులో చుట్టి, తెడ్డు పట్టుకుని, తమ్ముణ్ణి తోడు తీసుకోవడానికి కేంద్రానికి వెళ్ళాను.

వానకి కరెంటు పోయింది. పిట్టల గదిలో చెమ్మ వాసన. దాని అడుగున పచ్చిచెక్క వాసన. దితూ టార్చి వేశాడు. గది మధ్యలో పెద్ద మాను. దాని తొర్రను మట్టితో మూసి, సన్నటి చీలిక వదిలారు.

"ఆడపిట్ట లోపల కూర్చుని తలుపేసుకుంటుందక్కా. మగపిట్ట బయటినుంచి ముద్దలు పెట్టాలి. పాపం మా బావ ఏనాడైనా నీకో ముద్ద పెట్టాడా?"

నేను నవ్వలేదు. మాను మీద, నా భుజమెత్తున, తాడు ఒరుసుకున్న గాడి ఉంది. ఆ గాడి నా చేతికి తెలుసు. మూపో పుట్టిన రోజు దాని బొడ్డుతాడు వెదురుగొట్టంలో పెట్టి వాళ్ళ నాన్న కట్టింది అక్కడే. మాలో అలాంటి చెట్టు మీద గొడ్డలి పడకూడదు. పడితే పిల్ల ప్రాణానికి నిలవనీడ ఉండదు.

"ఈ చెట్టు ఎక్కడిదిరా?"

"గాలికి పడింది."

"దితూ."

టార్చి వెలుగు నేలకు దిగింది. "తొర్ర ఉన్న మాను కావాలన్నారు. ఇంకోటి దొరకలేదు. పాతకాలపు మాట, ఏమవుతుందిలే అనుకున్నా."

"తెలిసే నరికావా? తెలిసే పిల్లకి దారం కట్టావా?"



టక్... టక్... టక్.

మెట్టు మీద తెడ్డు తట్టినట్టు. మాను లోపలి నుంచి. నా తెడ్డు నా చేతిలోనే ఉంది.

"ఎలుకలు" అని గొణిగాడు.

"ఆ మట్టి ఎవరు పూశారు?"

"మట్టి కాదక్కా, సిమెంటు. రంగేశాం."

వేలు పెట్టి చూశాను. తడి. వెచ్చటి తడి.

చీలికలోంచి వేళ్ళు వచ్చాయి... సన్నటి వేళ్ళు. మణికట్టున వదులైన తెల్లదారం.

"మామా... అన్నం..."

దితూ వెనక్కి అడుగేశాడు. ఆకు పొట్లం వాడి చేతిలో పెట్టాను. "మామవి నువ్వే. పెట్టు."

పెట్టాడు. ఆ వేళ్ళు ముద్దతోపాటు వాడి చేతినీ పట్టుకున్నాయి. చాలాసేపు... తర్వాత వదిలేశాయి.

అడవి నుంచి తిరిగొచ్చేటప్పుడు మావాళ్ళు వెంట ఉన్న అందరినీ పేరుపేరునా పిలుస్తారు. పిలవని ప్రాణం అక్కడే ఆగిపోతుంది. ఆ సాయంత్రం తెడ్డు తడుతూ దారంతా నేను పిలిచింది ఒక్క మూపోనే. నా నోటికి రెండో పేరు రాలేదు. తమ్ముడు వెనకాలే వచ్చాడు. అడుగులు వినిపిస్తూనే ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి మూపో లేచి కూర్చుంది. ఒళ్ళు చల్లబడింది. గోళ్ళనిండా మట్టి. "ఆకలమ్మా" అంది. బుద్ధుడి ముందు దీపం పెట్టి మొక్కుకున్నాను.

ఇప్పుడు అందరం కలిసే తింటాం. దితూ రోజూ వస్తాడు. పెట్టింది తింటాడు, బాగానే మాట్లాడతాడు. మూపో మాత్రం ప్రతిపూటా తన కంచంలోంచి ఒక ముద్ద తీసి ఆకులో చుడుతుంది.

"ఎవరికే?"

"మామకి."

"మామ ఇక్కడే తింటున్నాడు కదే."

అది వాడివైపు చూడదు. గొంతు బాగా తగ్గిస్తుంది.

"ఈయన కాదమ్మా."