వదిలేసిన గళ్లు

మధ్యాహ్నం నాన్న యూనిఫాం వేసుకోవడం చూసి లాయరమ్మ చేతిలో పెన్సిలు పక్కన పెట్టి లేచి నిలబడింది. ఆ పిల్లకు పదేళ్లే. నోరు మాత్రం కోర్టంత, అందుకే ఇంట్లో ఆ పేరు.

నాన్న బస్సు డ్రైవరు. ఆయన ఎడమ కంటి రెటీనా కింద, అంటే కంటి వెనక ఉండే పలచటి పొర కింద, నీరు చేరింది. తిన్నటి గీతలు అలల్లా కనిపించసాగాయి. డాక్టరమ్మ మెత్తని లేజర్ పెట్టింది. అది పొరను కాల్చదు, మచ్చ పడనివ్వదు. వెలుగును కొద్దికొద్దిగా, ఆగి ఆగి తాకిస్తారు. నొప్పి లేదు గానీ, గుణం కనిపించడానికి వారాలు పడుతుందట. తను చెప్పేదాకా బస్సు ముట్టుకోవద్దంది.

ఒక గళ్ల కాగితం కూడా ఇచ్చింది. రోజూ పొద్దున నాన్న కుడి కన్ను మూసుకుని, వంకరగా కనిపించిన గళ్లను వేలితో చూపించాలి. లాయరమ్మ నోటుబుక్కులో వాటిని నల్లగా దిద్దాలి.

మొదటి వారం పదకొండు గళ్లు. రెండో వారమూ పదకొండే. నాన్న మొహం వాడిపోవడం చూడలేక ఆ పిల్ల ఒక గడి దిద్దకుండా వదిలేసింది. లెక్క తగ్గిందని ఆయన నవ్వాడు. ఆ నవ్వు కోసం మర్నాడు ఇంకోటి వదిలేసింది. అలా అలా ఇవాళ్టికి రెండే మిగిలాయి.

"నాకింకా వంకరగానే అనిపిస్తోంది. పుస్తకంలో తగ్గిపోతోంది కదా, అంతా నా అనుమానమే అయ్యుంటుంది" అన్నాడు నాన్న బొత్తాలు పెట్టుకుంటూ. డిపోలో ఎవరో సెలవు పెట్టారట. ఒక్క ట్రిప్పే కదా అని ఒప్పుకున్నాడట.

లాయరమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. ఏడుస్తూనే జరిగిందంతా చెప్పేసింది.

నాన్న తిట్టలేదు. కుర్చీలో కూలబడి, పెట్టుకున్న బొత్తాలు ఒక్కొక్కటే విప్పాడు. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

"బస్సులో నలభై మంది ఎక్కుతారమ్మా" అన్నాడు చివరికి. "నా కన్ను నాకు అబద్ధం చెబుతోంది. నువ్వన్నా నిజం చెప్పొద్దూ?"

డాక్టరమ్మను అడగకుండా బయల్దేరడం తన తప్పేనని కూడా ఒప్పుకున్నాడు. డిపోకి ఫోన్ చేసి రాలేనన్నాడు.

మర్నాడు పొద్దున నాన్న వేలు ఆగిన ప్రతి గడినీ లాయరమ్మ దిద్దింది. ఎన్నని ఆయన అడిగాడు. తొమ్మిదో పదో అనేయాలని ఆ పిల్లకు ఎంత అనిపించిందో!

మళ్లీ లెక్కపెట్టింది.

"పన్నెండు, నాన్నా."

ఆయన మొహం వాడిపోయింది. లాయరమ్మ చూపు తిప్పుకోలేదు. ఆయన పక్కకు జరిగి, చెయ్యి పట్టుకుని కూర్చుంది.