సాంసన్ వెంట వచ్చిన మనిషి

2013. మునగాల హైవే దాబాలో చీఫ్ శ్రీహరి మిర్చీబజ్జీ విరిచాడు. లోపల ఒక అందగత్తె ఫోటో.

"లత. డబుల్ ఏజెంట్. మిర్యాలగూడ డయాలసిస్ సెంటర్‌ల కంప్యూటర్ ఈమె చేతులనే ఉంటది."

"మిషన్?" అడిగాడు ఏజెంట్ సాంసన్.

"సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దవాఖానల కిడ్నీ రికార్డులన్నీ ఒక్క నెట్‌వర్క్‌ల కలిపిన్రు. ఏ గోలీ కిడ్నీలను ఖరాబ్ చేస్తున్నదో సైంటిస్టులు అండ్లనే దేవులాడుతున్నరు. ఆ గోలీ అమ్మే విదేశీ ముఠా ఇయ్యాల పన్నెండింటికి ఈమె కంప్యూటర్‌లకెల్లే రికార్డులు మారుస్తది. మారినయనుకో, గోలీ మంచిదని తేలుతది. జనం మింగుతనే ఉంటరు."

సాంసన్ ఆరు దేశాల్లో ఆరు పేర్లతో బతికినవాడు. కోదాడలో కూర్చుంటే నడిగూడెంలో మేక తుమ్మినా అతని వాచీ పట్టేస్తుంది. "తిన్నవా?" అన్న మాట మాత్రం ఆ వాచీకి ఏనాడూ వినబడలేదు.

బుగ్గల్లో రబ్బరు ముక్కలు పెట్టి పేషెంటులా మొహం ఉబ్బించాడు. ఎడమ చేతికి కట్టు. కట్టులో నెట్‌వర్క్‌ను తెంపే జామర్. ముఠా లైన్‌లోకి వచ్చాకే నొక్కాలి. ముందు నొక్కితే దొంగలు పారిపోతారు, ఆలస్యమైతే రికార్డులు పోతాయి.

సెంటర్‌లో ప్రతి పేషెంటు పక్కనా ఒక మనిషి. ఒకరు కాళ్లు ఒత్తుతున్నారు, ఒకరు విసనకర్రతో విసురుతున్నారు. పక్క మంచం మీది పేషెంటు సైదమ్మ దగ్గర మాత్రం స్టూలు మీద టిఫిన్ డబ్బా ఉంది. తోడొచ్చినవాళ్లు చాయ్‌కి పోయుంటారనుకున్నాడు సాంసన్.

హైహీల్స్ టకటకలాడాయి. సెంటు గుప్పుమంది. లత!

"కొత్త పేషెంటా? మీ వెంట ఎవరొచ్చారండీ?"

తొమ్మిది భాషల్లో అబద్ధమాడగలవాడి నోట నిజమే వచ్చింది. "ఒక్కన్నే..."

"డయాలసిస్‌కి ఒక్కళ్లే ఎవరొస్తారు?" లత చేయి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. అందులో లిప్‌స్టిక్ పిస్తోలు.

"ఓ పిల్లా, వాడు మా తమ్ముడు!" సైదమ్మ కసిరింది. "నా మీద అలిగి గట్ల అంటుండు. తమ్మీ, తిన్నవా?"

లత నవ్వి, అదే లిప్‌స్టిక్‌తో పెదాలకు రంగేసుకుని కంప్యూటర్ దగ్గరికి పోయింది.

సైదమ్మ అన్నం ముద్ద అతని చేతిలో పెట్టింది. రబ్బరు ముక్కలు పక్కకు నెట్టి మింగాడు. కళ్లు మసకబారాయి. తుడుచుకుని చూస్తే ఎదురుగా స్క్రీన్ మీద ముఠా దొంగ రికార్డులు లోడవుతున్నాయి: తొంభై ఎనిమిది శాతం... తొంభై తొమ్మిది...

మెతుకులంటిన వేలితోనే కట్టులోని జామర్ నొక్కాడు.

స్క్రీన్ నల్లబడింది. వార్డుబాయ్ వేషంలో ఉన్న పోలీసులు లతను పట్టుకున్నారు. రికార్డుల్లో ఒక్క అంకె కూడా చెదరలేదు.

"అక్కా, మరి నీ వెంట ఎవరొచ్చిన్రు?"

సైదమ్మ డబ్బా మూత బిగించింది. "వచ్చినప్పుడల్లా ఎవరొస్తరు తమ్మీ? ఇయ్యాల నువ్వొచ్చినవ్ గద."

చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్ సాంసన్! ఎల్లుండి సింగపూర్ మిషన్ ఉన్నది, పోవాలె."

"కుదరదు సార్. ఎల్లుండి అక్కకు మళ్ల డయాలసిస్. వెంట మనిషి లేకుంటే అందరికీ డౌటొస్తది."