బొప్పాయి పాలు, మేనత్త ఆక్టోపస్

"దాన్ని మెత్తబరుస్తున్నావా, పాత పగ తీర్చుకుంటున్నావా?"

రేవు దగ్గర ఆక్టోపస్‌ను రాతికేసి బాదుతున్న ఫెలేటి తలెత్తాడు. హైస్కూల్లో బయాలజీ చెప్పే సియాలే! చేతిలో గొడుగుంది. విప్పకుండా వానలో తడుస్తూ నవ్వుతోంది.

"మరెలా మెత్తబడుద్ది టీచర్?"

"పచ్చి బొప్పాయి గీరితే పాలొస్తాయి కదా, అందులో ఎంజైము ఉంటుంది. మన కడుపు మాంసాన్ని అరిగించినట్టే అదీ అరిగిస్తుంది. కాసేపు పట్టించు. కాసేపే!"

ఆ చివరి మాట ఫెలేటి చెవికెక్కలేదు. ఆమె కనురెప్పల మీద వానచుక్కలు నిలబడి ఉన్నాయి మరి.

ఆ తర్వాత బజార్లో, చర్చిలో ఆమె ఎదురుపడని రోజు లేదు. ఎదురుపడేలా అతనే తిరిగాడు. మాటలు కలిశాయి, మనసులూ కలిశాయి.

"శనివారం మా మేనత్త పడవ మీద వస్తోంది. నీ సంగతి చెప్పాను" అంది సియాలే.

"మీ నాన్నతో మాట్లాడతాలే."

"నాన్నదేముంది? టోంగాలో పుట్టి తెలియనట్టు అడుగుతావేం! అత్త కాదంటే ఇంక కాదంతే. ఆవిడకి ఆక్టోపస్ అంటే ప్రాణం. ఆదివారం భోజనానికి నువ్వే వండిపెట్టు."

శనివారం ఫెలేటి బొప్పాయి పాలు రాశాడు. చాలదేమోనని మళ్లీ రాశాడు. రాత్రంతా అలాగే ఉంచాడు. తెల్లవారగానే కొబ్బరిపాలు పోసి, ఆకుల్లో చుట్టి, సియాలే వాళ్ల పెరటి గుంటలో కాలిన రాళ్ల మీద పెట్టి, మట్టి కప్పి చర్చికి పోయాడు.

తిరిగొచ్చి ఆకు విప్పితే కాళ్లు లేవు, తల లేదు. అంతా గంజి!

"కాసేపన్నాను కదయ్యా!" సియాలే గుసగుసలాడింది.

"ఎక్కువ రాస్తే ఎక్కువ బాగుంటుందనుకున్నా."

"ఆదివారం దీవిలో వేట నిషేధం, ఇంకోటి పట్టడానికీ లేదు. అయిపోయాం!"

"ఏంట్రా దాస్తున్నారు? పట్టుకురండి!" లోపలినుంచి మేనత్త గద్దింపు.

చాప మీద పెద్దరికపు చోట మేనత్త కూర్చుంది, విసనకర్ర నోటికి అడ్డం పెట్టుకుని. ఆవిడ ముట్టందే ఎవరూ ముట్టరు. సియాలే తండ్రి కూడా తలొంచుకునే ఉన్నాడు. ఆవిడ గిన్నెలోంచి వేలితో కాస్త తీసి నోట్లో పెట్టుకుంది.

"ఏరా, దీన్ని నమలక్కర్లేదా?"

"తప్పైపోయిందమ్మా..."

"నోర్ముయ్!" విసనకర్ర దించింది. నోట్లో ఒక్క పన్ను లేదు. "పళ్లూడాక ఆక్టోపస్ తినడం ఇదే. ఇన్నాళ్లూ అందరూ నాకు వాసన చూపించి, వాళ్లు మింగేవాళ్లు." గిన్నె ఒళ్లోకి లాక్కుంది. "ఇది నాది. మీరు చామదుంపలు తినండి. ఇంతకీ మా పిల్లని బాగా చూసుకుంటావా?"

ఫెలేటి తలూపాడు. ఆపకుండా ఊపుతూనే ఉన్నాడు.

"వీడికేమైందే? నాడి చూడు."

సియాలే అతని మణికట్టు పట్టుకుంది. రక్తమంతా ఆమె బుగ్గల్లోకే వచ్చింది. "గుండె పరుగులు తీస్తోంది అత్తా."

"కాస్త ఆగమనరా దాన్ని!"

"అది చెబితే వినదమ్మా" అన్నాడు ఫెలేటి. "మీ అమ్మాయి రేవులో కనిపించినప్పటినుంచీ ఇంతే."

"అయితే ఆ చెయ్యి వదలకే" అంది మేనత్త, గిన్నె అడుగు నాకుతూ.