పెట్టె మీద తడిగుడ్డ

"పెట్టెను ఎవరు ముట్టుకున్నారు?"

బస్సు దిగి, తోట గేటు తోసుకుని వచ్చి, మంచినీళ్ళయినా అడక్కుండా శ్రీవేద వేసిన మొదటి ప్రశ్న అది. పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మామిడికాయ ముక్కలకు ఉప్పూ కారం అద్ది సిద్ధంగా పెట్టుకున్న ధనశేఖర్ చాపబోయిన పళ్ళెం పక్కన పెట్టేశాడు. ఆమె వచ్చే రోజు మాత్రమే అతను గడ్డం గీసుకుంటాడని తోటలో కూలీలకు కూడా తెలుసు. తెలియనిది ఆమె ఒక్కదానికే.

"యా పెట్టె మేడమ్?"

"ఎన్ని పెట్టెలున్నాయి ఇక్కడ?"

ఉన్నది ఒకటే. కార్వేటినగరం దగ్గరి ఆ తోతాపురి మామిడి తోటలో, చెట్లకు ఎడంగా, నాలుగు కాళ్ళ మీద నిలబడ్డ తెల్ల చెక్కపెట్టె. గాలి ఆడటానికి చుట్టూ ఏటవాలు పలకలు, లోపల వేడినీ తేమనూ కొలిచే పరికరం. తిరుపతిలో వాతావరణం మీద రీసెర్చ్ చేస్తున్న శ్రీవేద మామిడి పూత రోజుల్లో దాన్ని అక్కడ పెట్టించింది. అది కొలిచిందంతా సిమ్ కార్డు ద్వారా యూనివర్సిటీలో ఆమె కంప్యూటర్‌కు తనంతట తానే చేరిపోతుంది.

"పుత్తూరులో మండిపోతోంది, నగరిలో మండిపోతోంది. మధ్యాహ్నమయ్యేసరికి మీ తోట ఒక్కటే హార్స్‌లీ హిల్స్ అయిపోతోంది! ఈ లెక్కలు నమ్మడానికి లేదు, పెట్టె పీకించెయ్యమన్నారు మా గైడ్ జయరావు గారు. సాయంత్రం వ్యాన్ వస్తుంది."

ధనశేఖర్‌కు తట్టింది ఒకటే. పెట్టె పోతే ఈమె రావడమూ పోతుంది.

"నేను ముట్టుకోలేదు మేడమ్."

"మొదటి రోజు నుంచీ నాతో వాదించింది మీరే కదా?"

నిజమే. పెట్టె కాళ్ళకు సిమెంటు పోస్తూ ఆ రోజు ఏటేటా ఎండలు పెరగడం గురించి అతనే మాట కదిపాడు.

"ఎండలు మా తాత కాలంలో మాత్రం లేవా? సూర్యుడు రోంత ముదిరినాడు, అంతే గదా?"

"సూర్యుడే కారణమైతే కిందా పైనా రెండు చోట్లా వేడెక్కాలి. బెలూన్లు పంపి చూశారు, ఉపగ్రహాలతో చూశారు. నేల దగ్గర గాలి వేడెక్కుతోంది. బాగా పైన, స్ట్రాటోస్ఫియర్‌లో, చల్లబడుతోంది. దుప్పటి కప్పుకుంటే లోపల ఉక్క, బయట చల్లన. అట్లా."

"ఆ దుప్పటి మనమే కప్పినామని ఏం గ్యారంటీ?"

"బొగ్గూ పెట్రోలూ కోట్ల ఏళ్ళు నేలలో ఉన్నవి. వాటి కార్బన్‌కు ఒక గుర్తుంటుంది. గాలిలో పెరిగిన కార్బన్ డయాక్సైడ్‌లో ఆ గుర్తే కనబడుతోంది. ఏ కారణమైనా దాని జాడ అది వదిలే పోతుంది ధనశేఖర్ గారూ."

అతనికి అప్పుడే అర్థమైంది. కానీ ఒప్పుకుంటే వాదన అయిపోతుంది, వాదన అయిపోతే ఆమె మాట్లాడటం ఆపేస్తుంది. అందుకని నెలనెలా తల బద్దలు కొట్టుకుని ఒక కొత్త సందేహం తయారు చేసుకునేవాడు. ఆ సందేహాలే ఇప్పుడు మెడకు చుట్టుకున్నాయి.

ఇద్దరూ పెట్టె దగ్గరికి నడిచారు. ముందు నడుస్తున్న ధనశేఖర్ ఠక్కున ఆగాడు. పక్కనే కంచె మీద పచ్చంచు తుండుగుడ్డ ఒకటి ఆరేసి ఉంది. అది వాళ్ళమ్మ పంకజాక్షిది. మధ్యాహ్నం తోటకు అన్నం తెచ్చినప్పుడల్లా ఆమె పెట్టె వైపు ఎందుకు పోతుందో అతనికి ఇప్పుడు తెలిసింది. శ్రీవేద చూసేలోగా గుడ్డ లాగి జేబులో కుక్కుకున్నాడు.

అమ్మను ఈమె ముందు దోషిగా నిలబెట్టడమా? తన వల్ల కాదు.

"నేనే మేడమ్," అన్నాడు తల వంచుకుని. "పెట్టెను చెట్టు నీడలోకి జరిపినాను."

శ్రీవేద పెట్టె కాళ్ళకేసి చూసింది. "మీరే పోసిన సిమెంటు తవ్వి, జరిపి, మళ్ళీ తెచ్చి పాతారా?"

"ఆఁ... అంటే..."

"సరే, జరిపారే అనుకుందాం. నీడలో పెడితే వేడి తగ్గుతుంది, తేమ అంతగా పెరగదు. ఇక్కడ వేడి తగ్గినప్పుడల్లా తేమ ఒక్కసారిగా పెరుగుతోంది. అంటే తడి తగిలింది. పైగా శనివారాలు ఏ మార్పూ లేదు. శనివారం మీరు తోటకు రారా?"

శనివారం తోటకు రానిది వాళ్ళమ్మ. ఆ రోజు ఒక్కపొద్దుండి వేణుగోపాలస్వామి గుడికి పోతుంది.

"అబద్ధం ఎందుకు చెబుతున్నారు?" శ్రీవేద గొంతులో కోపం పోయి బాధ వినిపించింది. "తప్పు చేస్తే సరిదిద్దుకోవచ్చు. అబద్ధమాడితే ఇంక నేనేం నమ్మాలి?"

అంతలో అన్నం గంప నెత్తిన పెట్టుకుని పంకజాక్షి వచ్చింది. గంప దించి కంచె వైపు చూసింది.

"రేయ్ శేఖరా, ఆడ నా తుండుగుడ్డ ఉండాల, యాడికి పోయింది? జోబీలో ఏందిరా ఆ ఉబ్బు?"

లాగేసుకుంది. చెట్టు కింది నీళ్ళ బిందెలో ముంచి, పిండి, శ్రీవేద కళ్ళముందే పెట్టెకు నిండుగా కప్పింది.

"ఏం పాపా, నడెండలో నిలబెట్టేసి పోతివే. నోరులేనిది, దప్పి అని ఎవురికి జెప్పుకుంటాది?"

శ్రీవేదకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అత్తా, ఎందుకిట్లా చేశారు?"

నోరు జారి వచ్చిన ఆ పిలుపుకు ధనశేఖర్ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ఎండకి అది చెడిపోయిందనుకో, నువ్వు ఈ పక్కకి వస్తావా? నువ్వు రాకపోతే వీడు నెలంతా గడ్డం పెంచుకోని, చెట్టుకింద కూసోని దిగులుపడతాడు. కన్నదాన్ని, నాకు తెలీదా?"

"మా!" అని అరిచాడు ధనశేఖర్. ఆ అరుపులో విజ్ఞానశాస్త్రానికి పనికొచ్చేదేమీ లేదు.

శ్రీవేద అటు తిరిగి ఫోను తీసింది. "సార్, కారణం తెలిసింది. తడిగుడ్డ సార్. అవును, గుడ్డే. ఆ మధ్యాహ్నాల లెక్కలు తీసేసి, ఎందుకు తీశానో రాస్తాను. వ్యాన్ వద్దు సార్." ఫోను పెట్టేసి ధనశేఖర్ వైపు చూసింది. "గడ్డం సంగతి నిజమేనా?"

"నిజమే," అన్నాడతను. ఇంక దాచడానికేమీ మిగల్లేదు. "మీరంటే నాకు శానా ఇష్టం. పోయిన నెల సందేహం గూడా ఊరికే అడిగిందే."

"అది నాకప్పుడే తెలుసు."

"మేడమ్, ఇప్పుడు నిజంగానే ఒక సందేహం. లెక్కలు వాటి పాటికవే తిరపతికి వస్తా ఉండాయి గదా?"

"ఊఁ."

"మరి నెలనెలా రెండు బస్సులు మారి మీరెందుకొస్తా ఉండారు?"

శ్రీవేద పెట్టె వైపు తిరిగింది. ముఖం కందిపోయింది. "సైటు చూసుకోవాలి కదా... అబ్బ, ఏం ఎండ ఇక్కడ! ముఖమంతా మండుతోంది."

"ఎండే కారణమైతే నా ముఖం గూడా కందల్ల గదా మేడమ్?"

తను నేర్పిన పాఠమే. శ్రీవేద తల దించుకుని నవ్వింది. ఆ నవ్వు చూశాక ధనశేఖర్‌కు ఏ సందేహమూ మిగల్లేదు.

పంకజాక్షి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పెట్టె మీది గుడ్డ తీసి, దులిపి, శ్రీవేద తలమీద మెల్లగా కప్పింది.

"దానిమింద వద్దంటే మానేస్తా. నీమింద కప్పొచ్చు గదా పాపా?"

శ్రీవేద గుడ్డ తీసెయ్యలేదు. చెంపల దాకా సర్దుకుని, "కప్పొచ్చు అత్తా," అంది. ఈసారి నోరు జారలేదు.