దిగేకొద్దీ ఊపిరి

ఆ రోజు విశ్రాంతి రోజు. అంటే, బరువులు మోయనివాళ్ళకి.

పొద్దున లాడ్జి ముందు మంచి ఎండ కాసింది. విదేశీ బృందం ఉడకబెట్టిన బంగాళదుంపలు ఉప్పూ కారం అద్దుకు తిని, చేతికర్రలు ఊపుకుంటూ వెనకున్న గుట్ట ఎక్కింది. పైకెక్కి కాసేపు కూర్చోవాలి, మళ్ళీ కిందకొచ్చి పడుకోవాలి. అలా అయితేనే ఒళ్ళు పల్చటి గాలికి అలవాటు పడుతుంది. తొందరపడ్డవాడికి ఊపిరితిత్తుల్లో నీళ్ళు చేరతాయి, నేల మీదే మునిగిపోతాడు. ఇదంతా బృందాన్ని నడిపించే సిర్దారు కెల్సాంగ్ వాళ్ళకి నవ్వుతూ, ఓపిగ్గా, చేతులు తిప్పుతూ చెప్పాడు. చెప్పి ఇటు తిరిగి, గుడారాలు మోసుకెళ్ళి పై మజిలీలో దించి రమ్మని కూలీలకి పురమాయించాడు.

ఆ కూలీల్లో హర్కబీర్ ఒకడు. వాడి అక్క సిర్మాయ అదే బృందానికి వంటసాయం. ఇద్దరిదీ ఎంతో కింద, ఏలకులూ నారింజలూ పండే ఊరు. హర్కబీర్ ఇంత ఎత్తుకి రావడం ఇదే మొదలు. నిన్నటినుంచి తల పగిలిపోతోందంటున్నాడు.

"వాణ్ణి ఇవాళ్టికి వదిలెయ్యన్నా. తిన్నదంతా కక్కేశాడు," అంది సిర్మాయ.

కెల్సాంగ్ పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. "కొండల్లో పుట్టినోడికి కొండజబ్బేంటే? రాత్రి సారా ఎక్కువైంది. నాలుగడుగులేస్తే అదే దిగుద్ది."

కూలీలు నవ్వారు. హర్కబీర్ కూడా నవ్వాడు, పిచ్చోడు. అక్క ఇంకా తనకి ముక్కు తుడవాలని చూస్తుందని సిర్దారుతో అని, మోతపట్టీ నుదుటికి తగిలించుకుని పోయాడు.

మధ్యాహ్నం దాటాక లోయలోంచి మబ్బు పాక్కుంటూ పైకొచ్చింది. ఎండ పోయింది. పిడకల పొగ, తడి ఉన్ని వాసన లాడ్జి అంతా పరుచుకున్నాయి. అప్పుడు ఇద్దరు కూలీలు హర్కబీర్‌ని చెరో రెక్కా పట్టుకుని దించుకొచ్చారు. పెదాలు నేరేడుపండు రంగు. ఊపిరి తీస్తుంటే ఛాతీలో గుడగుడ... మూత పెట్టిన గిన్నెలో అన్నం ఉడుకుతున్నట్టు.

బృందం దగ్గర ఒక గాలిసంచి ఉంది. మనిషిని అందులో పడుకోబెట్టి, జిప్పు లాగి, ఆపకుండా కాలితో పంపు తొక్కుతుంటే లోపల గాలి చిక్కబడుతుంది. రోగి కొండ దిగిపోయినంత పని. సిర్మాయ దానికోసం పరిగెత్తింది. అందులో అప్పటికే హెన్రిక్ అనే ఆయన పడుకుని ఉన్నాడు. గుట్ట దిగొచ్చాక కాస్త తలనొప్పిగా ఉందన్నాడట. తన కాళ్ళ మీదే నడిచొచ్చి సంచిలో దూరాడు.

"ఆయన్ని తీసి వీణ్ణి పెట్టన్నా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"మధ్యలో తీస్తే, రేపాయనకేమన్నా అయితే నన్నెవడు పనికి పిలుస్తాడు? నువ్వే తొక్కు. ఆయన అవగానే మీవాడే."

హర్కబీర్‌ని జడలబర్రెల కొట్టంలోకి మోసుకెళ్ళారు. సిర్మాయ పంపు మీద కాలు పెట్టింది. ఒక్కో తొక్కుడూ కెల్సాంగ్ మొహం మీదే అనుకుని వేసింది. పిక్కలు మండాయి. పళ్ళు కొరుక్కుంటూ తొక్కింది. సంచి కిటికీలోంచి హెన్రిక్ బొటనవేలు పైకెత్తి నవ్వాడు. పాపం, ఆయనకేం తెలుసు.

చాలాసేపటికి లాడ్జి యజమానురాలు యాంగ్జిన్ కొట్టం నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూనే ఉంది.

"అమ్మాయీ," అంది. "ఇక కాలు ఆపు."

చీకటి పడుతుండగా సిర్మాయ తమ్ముణ్ణి దుప్పట్లో చుట్టి, మోతపట్టీ నుదుటికి తగిలించి వీపున కట్టుకుంది. వాళ్ళల్లో పోయినవాణ్ణి మట్టిలో పెట్టాలి. ఇక్కడ మట్టేది? అంతా రాయి, మంచు. తెల్లారేదాకా ఆగమని యాంగ్జిన్ బతిమాలింది. ఆగలేదు. కింద ఊళ్ళో పోలీసు ఠాణా ఉంది. అది గుర్తొచ్చి కెల్సాంగ్ కూడా దీపం తీసుకుని వెనకే బయల్దేరాడు.

దారంతా వాగుతూనే ఉన్నాడు. మీవాడు ఇంటిదగ్గర్నుంచే జబ్బుతో వచ్చాడని చెబుదామన్నాడు. నీకూ మంచిది, నాకూ మంచిదన్నాడు. సిర్మాయ అడుగు పెంచింది. నోరు తెరిస్తే కరిచేస్తానేమో అనిపించింది. తమ్ముడి చెంప ఆమె మెడకి ఆనుకుని ఉంది. మంచురాయిలా ఉంది.

మొదటి వంపు తిరిగారు.

గుడగుడ...

మంచు కింద ఏరేమో అనుకుంది. ఆగింది. చప్పుడు ఆగలేదు. చెవి పక్కనే ఉంది.

"అక్కా... ఆగకు."

ఆమె ఒళ్ళంతా బిగుసుకుపోయింది. కాళ్ళు మాత్రం కదిలాయి. దిగింది. ఇంకా దిగింది. దిగేకొద్దీ ఆ గుడగుడ పల్చబడింది. మెడ మీద వెచ్చగా తగిలింది. ఊపిరి... పోయింది. మళ్ళీ వచ్చింది.

వెనక కెల్సాంగ్ మాటలు తెగుతున్నాయి. దగ్గుతున్నాడు.

ఆ ఎత్తులోనే పుట్టి, శిఖరాలు పరుగున ఎక్కి దిగేవాడు. దిగుతుంటే వాడికి ఊపిరి ఇంకా తేలికవ్వాలి. అవ్వలేదు.

పొదలు మొదలయ్యాయి. చెట్ల వాసన, తడిమట్టి వాసన. తమ్ముడి ఊపిరి ఇప్పుడు నిద్రపోయే పిల్లాడి ఊపిరిలా ఉంది. గుడగుడ మాత్రం పోలేదు. వెనక్కి మారింది. పదడుగుల వెనక్కి.

"పైకి..." అన్నాడు కెల్సాంగ్. "సిర్మాయా... నన్ను పైకి... తీసుకెళ్ళు."

తిరిగి చూసింది. వాడు మోకాళ్ళ మీద ఉన్నాడు. దీపం వెలుగులో పెదాలు నేరేడుపండు రంగు. ముందున్న మంచు మీద ఎర్రటి నురగ.

చెవిలో తమ్ముడి గొంతు. ఏ తొందరా లేదు దానికి.

"ఇంకా కిందికి, అక్కా."

సిర్మాయ కెల్సాంగ్ కళ్ళలోకి చూసింది. చూస్తూనే ఒక అడుగు దిగింది. వాడు గొంతు పట్టుకున్నాడు. ఇంకో అడుగు. కావాలనే వేసింది. తర్వాత అటు తిరిగి గబగబా దిగిపోయింది. వెనక దీపం దొర్లిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. అడుగుల్లేవు, దగ్గు లేదు.

అప్పుడు బరువు పెరిగింది.

ఒక్కసారిగా. నుదుటి పట్టీ ఎముకలోకి దిగింది. మోకాళ్ళు వంగిపోయాయి. తమ్ముడు ఎడమ భుజం మీదే ఉన్నాడు. వాడి ఊపిరి ఎడమ చెవిలో, తేటగా.

కుడిచెవిలో గుడగుడ.

చచ్చి కూడా నాచేతే మోయిస్తున్నావట్రా కెల్సాంగ్, అని అరవబోయింది. రెండు చెంపలు, అటొకటి ఇటొకటి, ఆమె మెడకి మెల్లగా ఆనుకున్నాయి.

రెండూ వెచ్చగానే ఉన్నాయి.